కార్డు ముందా? ఆట ముందా?

రానున్న వీడియో ఆటల కొరకు గ్రాఫిక్స్ కార్డును ఎప్పుడు మార్చవలెను? మన ఆనందపురం విద్యార్థులను వేధించు ప్రశ్న యిది. ఆట వెలువడిన పిమ్మటనే అని మా అభిప్రాయము.

'సైబర్‌పంక్ 2077' 2020 ఏప్రిల్‌లో రావలసియుండి, మూడుమార్లు వాయిదాపడి డిసెంబరు 10న వెలువడినది. నిర్మాతలు నాడు దానికి సిఫారసు చేసిన జీటీఎక్స్ 1060 కార్డు 2016 నాటిదే! ముందుగా తొందరపడుట 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్లుండును. 2021లో క్రిప్టో నాణెముల గిరాకీకి మండిన కార్డుల ధరలు 2022లో చల్లబడినవి, ఓర్చినవారే లాభపడిరి.

కావున విద్యార్థులారా! ఉన్న కార్డుపైననే ఆడి చూడుడు. సెట్టింగులు తగ్గించినను ఆట సాగనినాడే కొనుడు. ఆ సొమ్ము కన్నవారి చెమట యని మరువకుడు. ప్రయోగశాల కొనుగోళ్లలో కళాశాల సంఘమువారికిని ఇదే తూకము శ్రేయస్కరమని మా మనవి.