ప్రైవేటు కుంట కట్ట కింద ఎవరుంటున్నారు?

2024 జులై 18 రాత్రి అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ఎగువ అడవిలో కుండపోతగా వాన పడింది, వరద కమ్ముకొచ్చింది, గేట్లన్నీ వేళకు లేవలేదు. నారాయణపురం దగ్గర నీళ్ల నడుమ చిక్కుకున్న పాతిక మందికి పైగా జనాన్ని హెలికాప్టర్ తెచ్చి బయటకు తీయవలసి వచ్చింది. కిందనున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో పశువులు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం 2014 తర్వాత ఆంధ్రలో కలిసింది. రెండు ప్రభుత్వాలు, నడుమ ఒక నదీ బోర్డు. ఇంతమంది యజమానులున్న కట్టకే దిక్కు లేకుండా పోయింది.

మరి ఒక్కడే యజమాని ఉన్న కట్టల మాటేమిటి? ఈ ప్రశ్న మన సంఘాలు ఇంతవరకు గట్టిగా అడగలేదు. అశ్వారావుపేట, దమ్మపేట పామాయిల్ తోటల నుంచి భద్రాచలం అడవి అంచు దాకా చూడండి. వాగుకు అడ్డంగా మట్టి పోసి, నీళ్లు నిలిపి, చేపపిల్లలు వదిలి, గట్టు మీద రెండు రేకుల షెడ్లు వేస్తే అది ఫాంహౌస్ అవుతుంది. ఆదివారం వస్తే కార్లు, కోళ్లు, సీసాలు. ఈతకు దిగేవాళ్లు కొందరు, ఫొటోలకు కట్ట అంచున నిలబడేవాళ్లు కొందరు. విందు చేసుకోవడం తప్పని మనం అనడం లేదు. కష్టజీవి కూడా పండగపూట చెరువుకు పోయి ఈత కొట్టినవాడే. అయితే ఆ కట్ట ఎవరు కట్టారు, ఏ ఇంజినీరు చూశాడు, అలుగు ఎన్ని గజాల వెడల్పు, దాని దిగువన ఎవరి గుడిసెలున్నాయి? ఈ నాలుగింటికి జవాబు చెప్పే కాగితం ఏ ఆఫీసులోనూ దొరకదు.

చిన్న కుంటే గదా, తెగితే ఏమవుతుందిలే అనుకుంటారు. లెక్క వేద్దాం. ఎకరం విస్తీర్ణం, పది అడుగుల లోతు ఉన్న కుంటలో దాదాపు 12 వేల టన్నుల నీళ్లుంటాయి. పది టన్నుల లారీలు 1,200 వరసగా నిలబెట్టినంత బరువు. గండి పడిందంటే అదంతా కొద్ది సేపట్లోనే వాగు బాట పట్టి కిందికి దూకుతుంది. వాగు బాట పక్కన ఎవరుంటారు? ఆసామి ఇల్లు మెరక మీద ఉంటుంది. వాగు ఒడ్డున ఉండేది పట్టా లేని కూలీ, పోడు కొట్టుకునే కోయ, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన గుత్తికోయ కుటుంబం. ఆధార్ కార్డు కూడా గుడిసెతోనే పోతే, ఆ మనిషి నష్టపరిహారం జాబితాలోకి ఎక్కేదెట్లా? పట్టాదారుకు పంట నష్టం రాస్తారు. కౌలుదారుకు రాయరు. కూలి పోయినవాడి పేరు అడిగేవాడే ఉండడు.

కట్ట ఒక్కసారిగా తెగదు, ముందే చెబుతుంది. పాత నీరటికాడికి ఆ భాష తెలుసు. కట్ట వెనకవైపు అడుగున చెమ్మ కనిపిస్తే రోజూ చూసేవాడు. ఊట తేటగా వస్తే కాస్త నిమ్మళం, మట్టి రంగులో వస్తే లోపల బుంగ పడి కట్టను తినేస్తున్నట్టు. పుట్టలు, ఎలుక బొరియలు, ఎండ్రకాయ కన్నాలు పూడ్చేవాడు. కట్ట మీద చెట్టు పెద్దదైతే దాని వేరు ఎండిపోయిన రోజున నీటికి దారి అవుతుందని వాడికి బడిలో ఎవరూ చెప్పలేదు. తరతరాలుగా కాళ్లతో కట్ట మీద నడిచి నేర్చుకున్నాడు. ఆ మనిషికి ఇనాం గుంటలు, కల్లంలో మేర ఉండేవి. దొరల కాలం మంచిదని ఎవరూ పొరపడవద్దు, ఆ మేర కొలిచేటప్పుడు వాడికి జరిగిన మోసం మనకు తెలుసు. కాని కట్టను చూడడం ఒక పని, దానికి ఒక మనిషి అనే లెక్క అప్పుడుండేది. ఇవాళ ప్రైవేటు కుంటకు వాచ్‌మన్ ఉంటాడు. వాడు చూసేది చేపలను.

చేపల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అలుగు పారితే చేప దిగువకు పోతుందని అలుగుకు జాలీ కడతారు, వల బిగిస్తారు. కొమ్మా రెమ్మా, గడ్డీ గాదం వచ్చి దానికి చిక్కుకుంటాయి. అలుగు మూసుకుపోతుంది. నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టి కట్ట మీద నీళ్లు పొర్లితే ఇక దాన్ని ఆపడం ఎవరి తరం కాదు. ఇదంతా ఊహ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే చోట ఒక పాత కట్టను పిట్స్‌బర్గ్ ధనవంతులు కొని, చేపల వేటకు, పడవ షికార్లకు క్లబ్బు పెట్టుకున్నారు. ఉక్కు రాజు కార్నెగీ, బొగ్గు రాజు ఫ్రిక్ అందులో సభ్యులు. బండ్లు ఎదురెదురుగా పోవడానికి వీలుగా కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు పెట్టారు. అడుగున నీళ్లు వదిలే గొట్టాలను పాత యజమాని తీసేస్తే మళ్లీ వేయలేదు. 1889 మే 31న కట్ట తెగి దిగువన జాన్స్‌టౌన్ అనే కార్మికుల పట్నం కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాలు నెగ్గలేదు, దైవికం అన్నారు. కార్నెగీ ఆ ఊరికి గ్రంథాలయం కట్టించి ఇచ్చాడు.

మొన్నటి ముచ్చట కావాలంటే కెన్యా దేశంలో సొలాయ్. 2018 మే 9 రాత్రి ఒక పెద్ద తోట యజమాని సొంత కట్ట తెగింది. దిగువన నిద్రపోతున్న నలభై మందికి పైగా జనం పోయారు. వాళ్లలో ఆ తోటలో పనిచేసే కూలీలు, వాళ్ల పిల్లలు ఉన్నారు. కట్టకు అనుమతి లేదని తర్వాత అధికారులు చెప్పారు. అనుమతి లేదన్న మాట శవాలు లేచాకనే ఎందుకు బయటపడుతుందో కెన్యాలో అయినా ఖమ్మంలో అయినా జవాబు ఒకటే.

చట్టం ఏమంటుంది? 1868లో ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కట్టుకున్న రిజర్వాయరు నీళ్లు పక్కవాడి బొగ్గు గనిలోకి దిగాయి. ఇల్లెందు, కొత్తగూడెం గని కార్మికులకు అదెంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. సొంత లాభానికి నీళ్లు తెచ్చి నిలిపినవాడే, అవి తప్పించుకుంటే నష్టం భరించాలని తీర్పు వచ్చింది. ఆరేళ్లకు మన తెలుగు నేల మీది కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం జరిగింది. ఇక్కడ మాత్రం 1874లో, నిర్లక్ష్యం రుజువు కానిదే జమీందారు బాధ్యుడు కాడన్నారు. కారణం ఏం చెప్పారో గమనించండి. ఇవి అనాదిగా ఉన్న సాగునీటి చెరువులు, ప్రజల బతుకు వీటి మీద ఉంది, వీటిని నిలపడం జమీందారు విధి, తీసేసే హక్కు ఆయనకు లేదు అన్నారు. ఆ గొడుగు ఊరి చెరువుకు పట్టింది. నిన్న ప్రొక్లెయినరు పెట్టి పోసిన షికారు కుంటకు ఆ గొడుగు పట్టదు. రేపు ఏ వకీలైనా దైవికం అని లేస్తే మనవాళ్లు ఈ తేడా చూపించాలి.

2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. మంచిదే. కంపెనీలు యజమానులుగా ఉన్న కట్టలు కూడా దాని కిందికి వస్తాయి. అయితే 15 మీటర్లు మించిన కట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులున్న కట్టలకు మాత్రమే అది వర్తిస్తుంది. పది మీటర్లంటే 33 అడుగులు. మన అడవి అంచు కుంటలు దాదాపు అన్నీ దానికి లోపలే. పెద్ద జలాశయానికి ఇంజినీర్లున్నారు, కిన్నెరసాని గేట్లు ఎత్తేముందు దిగువ ఊళ్లకు హెచ్చరిక పోతుంది. ఇరవై అడుగుల సొంత కట్టకు ఇటువంటి ఏర్పాటు ఏదీ లేదు.

ఏజెన్సీలో మాత్రం మన చేతిలో ఆయుధం ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలంటుంది. సర్కారు కుంట, పట్టా కుంట అని అందులో విడదీసి రాయలేదు. గిరిజనేతరుడి కుంట అయితే ఇంకొక ప్రశ్న ముందు వస్తుంది. 1970 సవరణ తర్వాత, అదే మనం 1/70 అంటున్నామే, ఆ భూమి వాడి చేతికి ఎట్లా వచ్చింది?

షికారుకు వచ్చేవాళ్ల ప్రాణాలు కూడా ప్రాణాలే. మట్టి తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు, మోకాటి లోతు అనుకున్నచోట రెండు నిలువుల లోతుంటుంది. తూము దగ్గర గుంజుడు ఈతగాణ్ని కూడా వదలదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల షికారు పడవ మునిగి 50 మంది దాకా పోయిన తర్వాత కూడా, లైఫ్ జాకెట్ లేకుండా కుంటలో పడవ దింపేవాళ్లున్నారు. అట్లాంటి చోట ఎవరన్నా మునిగితే వెతకడానికి దింపేది కూలీ మనిషినే. వాడికి తాడూ ఉండదు, బీమా ఉండదు.

మృగశిర కార్తెకు ముందే ప్రతి గ్రామశాఖ ఊరి చుట్టూ ఉన్న సొంత కుంటల జాబితా రాయాలి. కట్ట పొడవు, ఎత్తు అడుగుల్లో, దిగువనున్న ఇళ్ల లెక్క అందులో ఉండాలి. అలుగు జాలీలు తీసెయ్యమని, దిగువ ఇళ్లకు డప్పు చాటింపు ఖర్చు యజమానే పెట్టుకోవాలని, వానాకాలం నాలుగు నెలలు కట్ట మీద తిరగడానికి ఊరి మనుషులిద్దరికి యజమాని కూలి కట్టివ్వాలని గ్రామసభలో తీర్మానం చేయించాలి. ఒక నకలు తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల డీఈకి, ఏజెన్సీ ఊళ్లయితే ఇంకొకటి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర వేసిన కాగితం గుడిసెలో పెట్టకుండా మెరక మీది ఇంట్లో దాచండి.