గాంట్లెట్: విసరడం వేరు, పరిగెత్తించడం వేరు

ఆమధ్య వక్తృత్వ పోటీలో ఒక మిత్రుడు మైకు పుచ్చుకుని, "అవతలి పక్షానికి గాంట్లెట్ విసురుతున్నాను!" అని గర్జించాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కవాడు "అంటే ఏంట్రా?" అన్నాడు. నాకూ తెలీదు! ఆ రాత్రి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను.

గాంట్లెట్ అంటే యోధుల చేతితొడుగు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఒకప్పుడు యూరప్‌లో యోధుడు ద్వంద్వ యుద్ధానికి పిలవదలిస్తే ఆ తొడుగు విప్పి ఎదుటివాడి ముందు పడేసేవాడట. వాడు దాన్ని తీసుకుంటే సరేనన్నట్టు. ఇంగ్లండులో రాజుగారి తరఫు వీరుడు పట్టాభిషేకపు విందులో గుర్రమెక్కి వచ్చి తొడుగు పడేసే ఆచారం 1821లో, నాలుగో జార్జి పట్టాభిషేకంతో ఆఖరయింది. మనం తొడ కొట్టడం లాంటిదే గదా. మనకి తొడుగు ఖర్చు కూడా లేదు!

అసలు సంగతి ఇక్కడుంది. "గాంట్లెట్ పరిగెత్తడం" అని ఇంకో వాడుక ఉంది. దానికీ తొడుగుకూ చుట్టరికమే లేదు. స్వీడిష్ భాషలో "గాట్‌లొప్" అంటే సందులో పరుగు. సైన్యంలో తప్పు చేసినవాణ్ణి రెండు వరసల సిపాయిల మధ్య నడిపించి, అందరిచేతా కొట్టించే శిక్ష అది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, నోళ్ళలో నలిగి, మొదటి మాటలో కలిసిపోయింది.

అది చదువుతుంటే నేను ఫస్టియర్‌లో ఉన్న హాస్టల్ వరండా కళ్ళముందు కదిలింది. అటొక వరస, ఇటొక వరస సీనియర్లు. చేతుల్లో ముడివేసిన తువ్వాళ్ళు. "దమ్ముంటే ఆ చివరికి పోరా, పల్లెటూరి బైతూ!" దెబ్బలు ఒక లెక్క కాదు. పొలంలో అంతకంటే ఎక్కువే తిన్నాను. ఆ నవ్వులే ఇంకా చెవిలో ఉన్నాయి. తర్వాత టీ తాగిస్తూ "ఛాలెంజ్ రా, అంతే" అన్నారు.

అది ఛాలెంజా? పడ్డ తొడుగుని తీసుకోకుండా పోయే దారి, పరువు పోతే పోయింది, ఒకటుండేది. మాకేదీ? మా వైపు ఎడ్ల బండలాగుడు పందేల్లో పాలపళ్ళు, రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అని నోరు తెరిచి చూసి మరీ విభాగాలు కడతారు. పాలపళ్ళ జతకీ ఆరుపళ్ళ జతకీ పోటీ పెట్టరు. గొడ్లకున్న ఆపాటి న్యాయం మనకి లేకపోయింది. 1997లోనే మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. వస్తే వచ్చింది, వరండాలోకి రావద్దూ?

సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. నిరుడు ఆ వరసలో నేనూ నిలబడ్డాను. తువ్వాలు నాదే.

ఈసారి కొత్తవాళ్ళు వచ్చిన సాయంత్రం వరండాలో చదరంగం బల్ల వేస్తాను. ఇష్టమున్నవాళ్ళు కూర్చోవచ్చు, లేనివాళ్ళు గదికి పోయి పడుకోవచ్చు. తెల్లపావులు వాళ్ళకే.