తరం మీద నెపం: గాజువాక శ్రోతలు, పాటల అభిరుచి, తెలుగు పరిశోధన

సినిమా పాట మీద, జానపద గేయం మీద తెలుగు శాఖల నుంచి వెలువడే పరిశోధన వ్యాసాల్లో ఒక అభిప్రాయం ఏదో ఒక రూపంలో తరచుగా ఎదురవుతుంది. పాత తరానికి సాహిత్య విలువ గల పాట మీద మక్కువ ఉండేదని, కొత్త తరం లయకూ మోతకూ లొంగి మాటను విడిచిపెట్టిందని దాని సారాంశం. ఉపోద్ఘాతంలో పరిశీలనాంశంగా ప్రవేశించిన ఈ అభిప్రాయం ఉపసంహారానికి వచ్చేసరికి నిరూపిత సత్యంగా మారిపోతుంది. నడుమ జరిగిన పని స్వల్పం. 1950ల నాటి కొన్ని పాటల పాఠాన్నీ, ఇటీవలి కొన్ని పాటల పాఠాన్నీ పక్కపక్కన పెట్టి అలంకారాలు లెక్కిస్తారు. కాలం వడగట్టి మిగిల్చిన పాటలు ఒకవైపు, ఇంకా ఏ వడపోతకూ గురికాని పాటలు మరొకవైపు ఉన్నాయన్న స్పృహ అక్కడ ఉండదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. అభిరుచిని గురించి రాసిన ఆ వ్యాసంలో వినేవాడు ఎక్కడా కనిపించడు.

అభిరుచి భేదాన్ని 'తరం' అనే మాటతో వివరించడం వివరణే కాదు. వివరించవలసిన విషయానికి అది పెట్టిన పేరు మాత్రమే. తాతకు ఒక పాట, మనవడికి ఒక పాట నచ్చుతున్నాయన్నది పరిశోధకుడు బయలుదేరవలసిన చోటు. తెలుగు పరిశోధన అక్కడే గమ్యం చేరినట్లు ఆగిపోతున్నది. ఎక్కడ విన్నారు, ఎవరితో కలిసి విన్నారు, ఏ పని చేస్తూ విన్నారు, ఏది వినాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండేది అన్న ప్రశ్నలు వేసినప్పుడు తరం అనే గోడ చాలాచోట్ల కూలిపోతుంది. దీనికి గాజువాక ప్రాంతం మంచి ఆధారం. అరవై ఏళ్లలో పల్లె, కర్మాగారం, టౌన్‌షిప్, నిర్వాసిత కాలనీ, మహానగర భాగం అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడిన చోటు అది.

విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఉద్యమం జరిగింది. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ కర్మాగారాన్ని ప్రకటించింది. 1971 జనవరిలో శంకుస్థాపన, 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం. తేదీలు అందరికీ తెలిసినవే. వాటి వెనుక, కర్మాగారానికి భూములిచ్చిన అరవైకి పైగా గ్రామాల జనం పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు కాలనీలకు చేరారు. అదే కాలంలో ఉక్కునగరం క్వార్టర్లకు దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు వచ్చారు. 1992లో పదిహేనేళ్ల వయసున్న ఇద్దరిని ఊహించినప్పుడు, ఒకరు క్వార్టర్లలో హిందీ, ఒడియా, బెంగాలీ, మలయాళం ఇరుగుపొరుగు నడుమ పెరిగినవారు. రెండవవారు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఊరు పోయి ఇంటి స్థలం మాత్రం దక్కిన కుటుంబంలో పెరిగినవారు. వీరిద్దరినీ 'తొంభైల తరం' అని ఒకే గాటన కట్టడం జనాభా లెక్కలకు పనికి రావచ్చు గాని, పాటకు పనికి రాదు. కార్ల్ మన్‌హైమ్ 1928లోనే తరాల సమస్యను చర్చిస్తూ, ఒకే కాలంలో పుట్టడం వేరు, ఒకే అనుభవంలో పాలుపంచుకోవడం వేరు అని స్పష్టం చేశాడు. ఒకే తరంలో పరస్పర విరుద్ధమైన ఘటకాలు ఉంటాయని ఆయన సిద్ధాంతం. తెలుగు వ్యాసాల్లో ఆయన పేరు అరుదు, ఆయన వ్యతిరేకించిన పొరపాటు మాత్రం సర్వసాధారణం.

పొలం పోయిన పాట

ఊడుపు పాటలు, దంపుడు పాటలు, తిరగలి పాటలు నేటి యువతకు రుచించడం లేదన్న ఫిర్యాదు జానపద విభాగంలో పాతది. శ్రమగేయానికి శ్రమే తాళం. నాట్లు వేసే వంగుడు, రోకలి పోటు, తిరగలి తిప్పు ఆ పాట నడకను నిర్ణయిస్తాయి. రైసు మిల్లు వచ్చిన ఊళ్లో దంపుడు పాట ఆగిపోయింది. అక్కడి స్త్రీల అభిరుచి క్షీణించిందని ఎవరూ అనలేదు, అనడానికి వీలూ లేదు. అదే తర్కాన్ని గాజువాక పరిసరాలకు అన్వయించడానికి మాత్రం పరిశోధకులు సంకోచిస్తారు. ఊడుపు పాట పాడే చేను కర్మాగారంలో కలిసింది. ఆ చేనిలో పాడిన తల్లి కొడుకు రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీ అయ్యాడు. ఆ యంత్రాల హోరులో గొంతెత్తి పాడేందుకూ, పక్కవాడు అందుకునేందుకూ అవకాశం లేదు. పాట పనిలోంచి తొలగి, పనికి వెళ్లే దారిలోకీ పని ముగిసిన సాయంత్రంలోకీ జరిగింది. టీ దుకాణం, షేర్ ఆటో, పండుగ పందిరి దాని కొత్త చోట్లు. ఆటోలో మోగే పాటకు హోరు ఎక్కువని విమర్శించేవారు, ఇంజను చప్పుడును దాటి వినబడవలసిన పాట అది అన్న చిన్న విషయాన్ని గమనించరు. వెన్నెల పదాలు, తుమ్మెద పదాలు వంటివాటిని పాల్కురికి సోమనాథుడు పేర్కొన్నది అవి జనం నోట ఉన్నందువల్లనే. ఆనాటి జనం నోటికి ఇచ్చిన గౌరవాన్ని ఈనాటి జనం చెవికి ఇవ్వకపోవడం పరిశోధన పద్ధతి అనిపించుకోదు.

సింధియా దగ్గరి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఇక్కడ ప్రస్తావించవలసిన వాగ్గేయకారుడు. పార్వతీపురం ప్రాంతపు పల్లె బాణీని, ఉత్తరాంధ్ర మాండలికాన్ని ఆయన కార్మిక సభకు తెచ్చాడు. పొలంలో ఆగిన పాట ఫ్యాక్టరీ గేటు దగ్గర మళ్లీ మొదలైందనడానికి ఆయన కృషి సాక్ష్యం. ఆయన ప్రసిద్ధ గేయం ఒకటి 2009లో 'మగధీర' సినిమా పాటలో వినిపించింది. ఉద్యమ సభలో ఆ పాటను విన్న తండ్రికి అది అపచారంగా తోచి ఉండవచ్చు. సినిమా హాలులో తొలిసారి విన్న కొడుక్కి అది నాట్యోత్సాహం. బాణీ ఒకటే, మాండలికం ఒకటే. భేదం పాటలో లేదు, వినిపించిన సందర్భంలో ఉంది. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమా కోసం రఘు కుంచె ఉత్తరాంధ్ర జానపద గీతాన్ని స్వరపరచినప్పుడు, దాన్ని ఫోనుల్లో మోగించినవారిలో అత్యధికులు యువకులే. అమ్మమ్మల పదజాలం వాళ్లకు పరాయిది కాలేదు. పాఠాన్ని మాత్రమే చూసే విమర్శకుడు ఈ కొనసాగింపును చూడలేడు. అతనికి ఒకటి 'జానపదం', మరొకటి 'సినిమా', రెండింటికీ వేర్వేరు అధ్యాయాలు.

ప్రమాణాలు ఎవరివి?

పాతపాటను గీటురాయిగా నిలబెట్టేవారు దాని చరిత్రను ఒకసారి తిరగవేయడం అవసరం. 'మల్లీశ్వరి' (1951), 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957) పాటలు నేడు సాహిత్య విలువకు పర్యాయపదాలు. సరిగ్గా అదే దశకంలో, 1952 నుంచి కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాట జాతి అభిరుచిని చెడగొడుతున్నదన్న దృష్టితో ఆకాశవాణిలో దానికి చోటు లేకుండా చేశాడు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతిని ప్రారంభించక తప్పలేదు. అంటే నేటి స్వర్ణయుగం ఆనాటి ప్రభుత్వ దృష్టిలో పతనయుగం. హార్మోనియం కథ ఇంకా విచిత్రం. తెలుగు పద్యనాటకానికి ప్రాణప్రదమైన ఆ వాద్యాన్ని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దూరంగా ఉంచింది. క్షేత్రయ్య పదానిదీ ఇదే గతి. వేశ్యల నోట ఉన్నంత కాలం సంస్కర్తలకు కంటగింపైన పదసాహిత్యం, విస్సా అప్పారావు వంటి పండితుల పరిష్కరణ పొంది, విశ్వవిద్యాలయ పాఠ్యాంశమై, పరిశోధన పట్టాలకు వస్తువైంది. ఆ పదాలలోని మాట ఒక్కటీ మారలేదు.

ఇంత అనుభవం ఉన్న శాస్త్రం మళ్లీ అదే తీర్పును, అదే స్వరంతో వర్తమానం మీద ప్రకటించడం ఆశ్చర్యకరం. అడోర్నో 1938లో శ్రవణశక్తి తిరోగమించిందని వాదించినప్పుడు ఆయన లక్ష్యం యువత కాదు, సంగీతాన్ని సరుకుగా మార్చిన వ్యవస్థ. ఆయన తీర్పుతో విభేదించవచ్చు గాని, నేరం ఎవరిదన్న విషయంలో ఆయన తికమకపడలేదు. తెలుగు వ్యాసం మాత్రం వ్యవస్థను వదిలి పిల్లలను పట్టుకున్నది.

రేడియో మీట ఎవరి చేతిలో

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వయసుకూ అభిరుచికీ సంబంధం ఉందని మనోవిజ్ఞాన పరిశోధనలే చెబుతున్నాయి కదా అని. నిజమే. హోల్‌బ్రూక్, షిండ్లర్ 1989లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, శ్రోతలకు తమ ఇరవైల తొలినాళ్లలో వెలువడిన పాటల మీద మక్కువ అత్యధికమని తేలింది. ఏ వయసులో విన్నది మనసులో నాటుకుంటుందో అది చెబుతుంది. ఏది నాటుకుంటుందో చెప్పదు. 2013లో క్రమ్‌హాన్సల్, జుప్నిక్ చేసిన అధ్యయనం మరింత ఆసక్తికరం. ఇరవై ఏళ్ల ప్రాయంలోని శ్రోతలు తమ కాలపు పాటలతోపాటు, తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతోనూ, అంతకు ముందు తరం పాటలతోనూ బలమైన అనుబంధం చూపారు. ఇంట్లో చెవిన పడ్డ పాట వారసత్వంగా దిగివస్తుందన్న మాట.

ఈ ఫలితాన్ని గాజువాక ఇళ్లకు అన్వయించినప్పుడు విషయం తేటపడుతుంది. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. రేడియో ఉన్న ఇంట్లో అది ఒక్కటే ఉండేది. దాని మీట ఇంటి పెద్ద చేతిలో ఉండేది. భక్తిరంజని, హరికథ, పద్యనాటకం, సినిమా పాట ఏది మోగినా ఇల్లంతా విన్నది. చాలాసార్లు పక్కిల్లూ విన్నది. ఇష్టం లేనివారికి లేచిపోవడం తప్ప మార్గం లేదు. ఆ కాలపు ఏకాభిరుచి సగం అనివార్యత. ఇంట్లో ఆడవారికి ఏ పాట ఇష్టమో ఆ రేడియో ఎన్నడూ నమోదు చేయలేదు. క్యాసెట్ వచ్చాక ఈ ఏర్పాటు సడలింది. ఉత్తర భారతాన్ని గురించి పీటర్ మాన్యుయెల్ 1993లో వివరించినట్లు, చవకైన ఈ సాధనం పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసి స్థానిక గొంతులకు చోటిచ్చింది. తెలుగునాట భక్తిగీతాలు, బుర్రకథలు, ఉద్యమ గేయాలు అదే దారిన చేతులు మారాయి. ఇక ఫోను, చెవిలో ఇయర్‌ఫోను వచ్చేసరికి ఒకే మంచం మీద కూర్చున్న ముగ్గురు మూడు వేర్వేరు పాటలు వినగలరు. భిన్నాభిరుచులు అంతకు ముందు లేవని కాదు. బయటపడేందుకు వాటికి సాధనం లేదు. తరాల అంతరమని వ్యాసాలు కొలుస్తున్నదానిలో అధికభాగం సాధనాల పంపిణీలో వచ్చిన మార్పు.

వినిపించే చోటు అర్థాన్ని ఎంతగా మార్చగలదో ఘంటసాల గొంతే చెబుతుంది. ఆయన 1974లో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత రికార్డు తెలుగు ఊళ్లలో మరణ సూచన అయిపోయింది. వీధి మలుపులో మైకు నుంచి ఆ స్వరం వినబడితే ఎవరు పోయారని అడగడం గాజువాకలోనూ ఆచారమే. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చిన ఆ విద్వాంసుడి గొంతును యుగళగీతాల్లో విన్నవారికి అది ప్రణయం. శవయాత్రలో తొలిసారి విన్న పిల్లవాడికి అది భయం. వాడు ఘంటసాలను ఇష్టపడకపోతే, ఆ అయిష్టానికి సాహిత్య విలువతో పని లేదు.

నిజంగా నష్టపోయినది లేదని కాదు. పద్యాన్ని రాగయుక్తంగా చదవగల, చదివితే ఆనందించగల శ్రోత అరుదైపోయాడు. ఆ నష్టం పెద్దది. అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ, నిరంతర కావ్యపరిశీలన వల్ల అద్దంలా నిర్మలమైన మనసు గలవాడని చెప్పాడు. సహృదయత పుట్టుకతో రాదు, అభ్యాసంతో వస్తుంది. పద్యం కంఠస్థం చేయించడం బడి మానుకున్నది. నాటక సమాజాలకు ఆదరువు పోయింది. తెలుగు బోధనను బాధ్యతగా స్వీకరించిన శాఖలు ఆ అభ్యాసం తెగిపోయిన వైనాన్ని పరిశోధించవలసింది పోయి, అభ్యాసం అందనివారికి రుచి లేదని తీర్పు చెప్పడం వింత.

1966 నాటి 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదం మరొక సాక్ష్యం. ద్విత్వ కకారపు అంత్యప్రాసతో కుదిరిన ఆ రెండు పాదాలను, 2021లో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో 1966 నాటికి పుట్టనివారు అందుకున్నారు. లయను మాత్రమే ఎరిగి మాటను వదిలేసిన తరమని పేరుపడ్డవారు వారు. మాటకు పని ఉన్నచోట వారు మాటను వదలలేదు.

అభిరుచి మీద క్షేత్ర పరిశోధనకు వాడే ప్రశ్నావళుల్లో వయసు, విద్య, వృత్తి గడులు ఉంటాయి. ఇంట్లో రేడియో ఎవరిది, టేప్ రికార్డర్ ఎప్పుడు వచ్చింది, కుటుంబం ఏ ఊరి నుంచి లేచి వచ్చింది, పని చేస్తూ పాడుకునే వీలుండేదా అనే గడులు ఉండవు. వాటిని చేర్చడానికి నిధులు అక్కర లేదు. తొందర మాత్రం అవసరం. గాజువాక చుట్టుపక్కల పొలాలు పోయిన 1970ల నడుమ ఇరవై ఏళ్ల వయసులో ఊడుపు పాట పాడిన స్త్రీకి ఇప్పుడు డెబ్బై నిండాయి. ఆమె గొంతు నింపుకున్న క్యాసెట్ ఏదైనా ఏ కాలనీ అటక మీదో ఉంటే, సముద్రపు తేమకు దాని మీది అయస్కాంత పూత రాలిపోతూ ఉంటుంది.