మొక్కకు ముందు నేల

వర్షాకాలము రాగానే మన పాఠశాలలలో వనమహోత్సవములు జరుగును. బాలల కథలలోను అదే వరుస: ఒక బాలుడు మొక్క నాటును, నీరు పోయును, అది మానై పక్షులకు గూడిచ్చును. 1950 నుండి దేశమంతట నడచుచున్న ఈ ఆచారము మంచిదే. కాని చెడిన ప్రకృతిని బాగుచేయుట యనగా మొక్క నాటుట మాత్రమే యని బాలుడు తలచినచో, ఆ పుస్తకము సగము సత్యమునే నేర్పినదగును.

కెన్యా దేశపు వంగారీ మథాయ్ 1977లో హరితవలయ ఉద్యమమును ప్రారంభించినది. ఆమె కథను 2008లో జీనెట్ వింటర్, 2010లో డోనా జో నపోలి బొమ్మల పుస్తకములుగా వెలువరించిరి. ఆ కథకు బలము మొక్కల లెక్కలో లేదు. అడవి పోయినందున వాగులెండుటయు, వంటచెరకు కరవగుటయు ఆమె గుర్తించుటలో ఉన్నది.

అట్టి కారణవిచారము విశాఖ బాలునకును కావలెను. 1933లో ప్రారంభమైన మన ఓడరేవు, మేఘాద్రిగెడ్డ సముద్రమున కలియుచోటి చవిటి చిత్తడినేలను త్రవ్వి కట్టినది. ఓడరేవు మనకు అన్నము పెట్టినది. దానిని శత్రువుగా చూపుట న్యాయము కాదు. అచట మునుపేమి ఉండెనో చెప్పకుండుటయు న్యాయము కాదు.

పోయిన చిత్తడిని తిరిగి తెచ్చు విధము తెలియవలెనన్న కాకినాడ చెంతనున్న కోరంగిని చూడవలెను. మడచెట్లు నరికినచోట నేల క్రుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొనెను. అందు మడమొక్కలు బ్రతుకవు. 1990ల చివరినుండి స్వామినాథన్ పరిశోధనా సంస్థయు, అటవీశాఖయు స్థానిక గ్రామస్థులతో కలిసి అట్టిచోట్ల చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించినవి. పోటునీరు వచ్చిపోవుటకు దారి ఏర్పడి, ఉప్పు తగ్గిన పిదపనే మడమొక్కలు నాటిరి.

ఈ వివేకము మన ఇసుకతీరమునకును వర్తించును. విశాఖ తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్ట వచ్చును. వానికి కావలసినది ఖాళీ ఇసుక. అలల అంచువరకు సరుగుడు నాటినచో ఆ చోటు వానికి దక్కదు. అచట చెట్టు నాటకుండుటయే సేవ.

కనుక పుస్తకములు వ్రాయువారును, చదివించు ఉపాధ్యాయులును బాలలచేత మూడు ప్రశ్నలు అడిగింపవలెను: ఇచట పూర్వమేమి ఉండెను? అది ఏల పోయెను? తిరిగి వచ్చుటకు ఏ అడ్డు తొలగవలెను? రాబోవు వనమహోత్సవమున గుంట త్రవ్వుటకు ముందు, ఆ వాడలోని వృద్ధులను విద్యార్థులు ఈ ప్రశ్నలు అడిగి వ్రాసికొందురుగాక. ఆ వ్రాతలే మన ప్రాంతపు బాలల పుస్తకమునకు తొలి పుటలు కాగలవు.