ముందు నీళ్ళు బతకాలి, తర్వాతే చేపలు

చాన్నాళ్ళుగా రాద్దామనుకుని బద్ధకించిన విషయం ఇది. మన సాఫ్ట్‌వేర్ జనాలకి కొత్త ఇంట్లోకి దిగాక చెయ్యాల్సిన పనుల్లో అక్వేరియం కూడా చేరిపోయింది. శనివారం మధ్యాహ్నం షాపుకెళ్ళి గాజు తొట్టి, రంగు రాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, అరడజను గోల్డ్ ఫిష్‌లు తెచ్చుకుంటారు. సాయంత్రానికల్లా ఫోటోలు. వచ్చే శనివారానికి సగం చేపలు తేలిపోయి ఉంటాయి. "దిష్టి తగిలింది" అని కొందరంటారు. ఇంకొందరైతే మరీనూ... ఇంటికి రావాల్సిన కీడు చేప మీదికి పోయిందట, కాబట్టి మంచిదేనట! దిష్టీ లేదు, కీడూ లేదండీ. వాటిని చంపింది మన తొందర.

పెద్ద చెప్పొచ్చావులే అంటారా? నేనూ చంపినవాణ్ణే. సెలవులకి గోదావరిఖని వెళ్ళినప్పుడు మేనకోడలు అడిగిందని ఒక్క పూటలో తొట్టి పెట్టేశాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్లు. నల్లా నీళ్ళు పట్టేసి ఎనిమిది చేపల్ని వదిలాను. ఐదో రోజుకి మూడు మిగిలాయి. షాపాయన్ని అడిగితే నీళ్ళన్నీ పారబోసి అంతా శుభ్రంగా కడగమన్నాడు. కడిగాను. ఆ మూడూ పోయాయి.

మా నాన్న సింగరేణిలో బాయి పని చేసి రిటైరైన మనిషి. ఖాళీ తొట్టి చూసి ఒకటే మాటన్నాడు: "బాయిల గాలి మంచిగున్నదా లేదా సూడకుంట మనుషులను దింపుతరా బిడ్డా?"

మొత్తం సంగతి ఆ మాటలోనే ఉంది. భూగర్భ గనిలో సర్దార్ ముందు తిరిగి గ్యాసు పరీక్ష చేశాకే కార్మికులు పనిలోకి దిగాలి. కంటికి కనపడనిదే ప్రాణం తీస్తుంది కాబట్టి. తొట్టిలో అలా కనపడకుండా చంపేది అమ్మోనియా. చేప మొప్పల నుంచి వస్తుంది, మిగిలిన తిండి కుళ్ళినా వస్తుంది. నీళ్ళు మాత్రం అద్దంలా తేటగానే ఉంటాయి!

దీన్ని విరిచేవి బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది అంత ప్రమాదం కాదు, వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, అడుగున రాళ్ళ మీద ఇల్లు కట్టుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు తిండి వేస్తూ, ఫిల్టరు నడుపుతూ, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి మళ్ళీ సున్నాకి వచ్చాకే చేపలు. నేను "శుభ్రంగా" కడిగి పారబోసింది అప్పుడప్పుడే మొదలవుతున్న ఆ బాక్టీరియానే. నల్లా నీళ్ళలోని క్లోరిన్ కూడా వాటిని చంపుతుంది, చేపల్నీ బాధిస్తుంది.

టెస్టింగ్ లేకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడితే గోల చేసే మనం, ఇక్కడ మాత్రం బతికున్న ప్రాణాలతో టెస్టింగ్ చేస్తున్నాం.

ఇక ఆ గుండ్రటి గాజు గిన్నెలు! రోమ్ నగరం 2005లోనే వాటిలో గోల్డ్ ఫిష్‌ని పెంచడాన్ని నిషేధించింది. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళకు పైగా బతికే చేప అది, అదీ చల్లటి నీళ్ళ చేప. రామగుండం మే నెల ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ గిన్నెలో ఏమవుతుందో ఆలోచించండి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది.

"యాభై రూపాయల చేపకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. సరే, చేప సంగతి వదిలేద్దాం. విసుగొచ్చాక ఏం చేస్తున్నారు? పుణ్యమొస్తుందని చెరువులోనో గోదాట్లోనో వదిలేస్తున్నారు. తొట్టి గోడల పాచి తింటుందని రెండంగుళాల సక్కర్ చేపని అంటగడతారు కదా, అది దక్షిణ అమెరికాది. అడుగు దాటి పెరుగుతుంది. ఒళ్ళంతా గట్టి పెంకు, వలలు చింపే ముళ్ళు, గట్లలో బొరియలు. మన జాలర్లు దెయ్యం చేప అనేది దీన్నే. తూర్పు కనుమల్లో దాదాపు 60 శాతం నీటి వనరుల్లోకి ఇది పాకిందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. అది అక్కడికి ఈదుకుంటూ రాలేదు. మనుషులు తెచ్చిందే. వల చిరిగితే నష్టం వదిలినవాడికి కాదు, ఎల్లంపల్లి నీళ్ళ మీద బతికే జాలరికి. హైదరాబాదులో కూర్చున్న మనం తాగేవాటిలో ఆ ఎల్లంపల్లి నీళ్ళూ ఉన్నాయి, మర్చిపోకండి.

అక్వేరియం పెట్టొద్దనడం లేదు. ఖనిలో మళ్ళీ పెట్టాం. ఐదు వారాలు ఒట్టి నీళ్ళే. వచ్చినవాళ్ళంతా "చేపలేవి?" అని నవ్వారు. మా నాన్న మాత్రం రోజూ మేనకోడలితో కిట్ రంగు చూపించుకుని, "ఇంకా గ్యాస్ ఉన్నది, దించద్దు" అనేవాడు. ఆ తర్వాత ఆరు జీబ్రా డానియోలు వేశాం. మన దేశపు చేపలే.

నెల రోజులు ఒట్టి నీళ్ళు చూస్తూ ఆగే ఓపిక లేదా? అయితే గోడకి మంచి చేపల బొమ్మ తగిలించుకోండి. దానికి ఊపిరి ఆడక్కర్లేదు.