అగ్ని పాలసీలో వరద

2023 జూలై 13న ఢిల్లీలోని పాత రైలు వంతెన వద్ద యమునానది 208.66 మీటర్ల మట్టానికి చేరినది. అక్కడ ప్రమాద మట్టం 205.33 మీటర్లు. అంతవరకు నమోదైన అత్యధిక మట్టం 1978 సెప్టెంబరు నాటి 207.49 మీటర్లు, నలభై అయిదేళ్ళు నిలిచిన ఆ లెక్క ఆ వారంలో చెరిగిపోయినది. నదిని ఆనుకొని ఉన్న యమునా బజారులోనే గాక, పెద్ద బంగళాలకు పేరుబడిన సివిల్ లైన్స్‌లోను నీరు ఇళ్ళలోనికి వచ్చినది. ఎర్రకోట గోడల దాకా పారినది.

గృహ యజమానులు గమనించవలసిన విశేషం ఇందులో మరొకటి ఉన్నది. 1978లో ఎగువన తాజేవాలా నుండి వదలిన నీరు సుమారు 7 లక్షల క్యూసెక్కులు. 2023లో హత్నీకుండ్ బరాజ్ నుండి వదలినది అందులో ఇంచుమించు సగమే. సగం నీటికే నది ఒక మీటరుకు పైగా అధికంగా లేచినది! పేరుకున్న పూడిక, వరద మైదానంలో వెలసిన కట్టడాలు, ఐటీఓ బరాజ్ వద్ద తెరుచుకొనని కొన్ని తలుపులు ఇందుకు కారణాలని నిపుణులు చెప్పారు. కనుక “మా వీధికి ఏనాడూ నీరు రాలేదు” అన్న పెద్దల సాక్ష్యం నేడు అంతగా చెల్లదు. 2025 సెప్టెంబరులో నది మరల 207.48 మీటర్లను అందుకొన్నది.

నదికి దూరమైనంత మాత్రాన భయం లేదనుకొనుటకు వీలులేదు. రాజస్థాన్ కొండలలో పుట్టిన సాహిబీ నది నేడు నజఫ్‌గఢ్ కాలువ అను పేరుతో మురుగు మోస్తున్నది. దాని పాత పల్లపు భూములను ఆనుకొనియే గురుగ్రామ్ పెరిగినది. 2024 జూన్ 28న సఫ్దర్‌జంగ్ వద్ద 24 గంటలలో 228 మిల్లీమీటర్ల వాన కురిసినపుడు నది పొంగలేదు, వీధులే పొంగినవి. అదే ఏడు సెప్టెంబరులో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినది కూడ కృష్ణ కాదు, బుడమేరు.

ఇంతటి నగరంలో కారుకు బీమా లేని గృహస్థు అరుదు. ఇంటికి బీమా ఉన్న గృహస్థు అంతకంటె అరుదు. కారుకు చట్టం నిర్బంధిస్తున్నది, ఇంటికి నిర్బంధం లేదు. అంతకుమించిన కారణం పేరులో ఉన్నది. వరద బీమా కావాలని అడిగే వారికి మన దేశంలో ఆ పేరుతో వేరుగా పాలసీ సాధారణంగా దొరకదు. వరద అగ్ని బీమాలోనే ఇమిడి ఉన్నది. అమెరికాలో ఇందుకు విరుద్ధం: అక్కడి మామూలు గృహ బీమా వరదకు వర్తించదు, 1968లో ప్రభుత్వం నెలకొల్పిన పథకం క్రింద దానిని వేరుగా కొనవలె.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ అను ప్రామాణిక పాలసీని అమ్ముతున్నవి. అగ్ని, భూకంపం, తుఫాను, వరద, ముంపు అన్నీ అందులో కలవు. ఇక్కడ పలువురు పొరబడే సంగతి ఒకటున్నది. బీమా మొత్తాన్ని స్థలం ధరను బట్టి గాక, ఇంటిని తిరిగి కట్టుటకయ్యే ఖర్చును బట్టి లెక్కించవలె. దక్షిణ ఢిల్లీలో కోట్ల విలువచేసే ఇల్లయినా, విలువలో అధిక భాగం నేలది. నేలను వరద ఎత్తుకుపోదు. ఉదాహరణకు, 1,000 చదరపు అడుగుల ఇంటిని అడుగుకు 2,500 రూపాయల వంతున తిరిగి కట్టవచ్చుననుకొంటే, బీమా మొత్తం 25 లక్షలు. అందులో 20 శాతం, అనగా 5 లక్షలు, ఇంటి సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. ఈ భాగానికి పరిమితి 10 లక్షలు. ప్రీమియం కారు బీమా కంటె సాధారణంగా స్వల్పమే. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే పాలసీ తీసుకొనవచ్చును.

నగదు, వాహనాలు ఇందులోనికి రావు. ఏళ్ళ తరబడి చెమ్మ ఊరి గోడ పాడైతే అది వరద కాదు. నేలమాళిగలో సామానుంచినవారు ఆ సంగతి పాలసీ తీసుకొనేటప్పుడే అడిగి వ్రాయించుకొనుట మేలు. గృహ ఋణంతో పాటు బ్యాంకు ఇప్పించిన బీమా గోడలకే పరిమితమా, సామానుకు కూడనా అన్నది ఆ కాగితం చదివితే గాని తెలియదు.

హత్నీకుండ్ నీరు ఢిల్లీ చేరుటకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో పాలసీ కొనబూనుట ఇల్లు కాలుతుంటే బావి తవ్వుటయే. వానలకు ముందే కొని, ఇంటిలోని ఒక్కొక్క గదికి ఫోటోలు తీసి, కొనుగోలు రసీదులతో కలిపి వేరొక చోట ఉంచవలె. నీరు తీసిన వెంటనే కంపెనీకి తెలియజేయవలె. ఉబ్బిన తలుపులను, బురద పట్టిన ఫ్రిజ్‌ను సర్వేయరు చూచువరకు పారవేయరాదు. ఇల్లు శుభ్రపరచు తొందరలో చాలామంది మొదట పారవేసేవి అవే.