వెన్నుపాము పరిశోధనలు ఎవరి కోసం? నిమ్స్ గేటు దాటని సమాచారం

పంజాగుట్టలోని నిమ్స్ గేటు దగ్గర స్ట్రెచర్ మీద ఓ యువకుడు, పక్కనే ఎంఆర్ఐ కవర్ పట్టుకుని తండ్రి కనిపించడం కొత్తేమీ కాదు. బైక్ మీద నుంచి పడ్డవాళ్లు, బిల్డింగ్ పనిలో పైనుంచి జారిన కూలీలు ఇక్కడికే వస్తారు. డాక్టర్‌ను వాళ్లు అడిగేది ఒక్కటే: "మావాడు మళ్లీ నడుస్తాడా సార్?" బయటికి వచ్చాక ఇంకో ప్రశ్న మొదలవుతుంది. ఫోన్లో ఎవరో పంపిన స్టెమ్ సెల్ వీడియో నిజమేనా? ప్లాటు అమ్మైనా చేయించాలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెన్నుపాము దెబ్బతిని బతుకుతున్నవారు ప్రపంచంలో 1.5 కోట్లకు పైనే. వీళ్ల కోసం పరిశోధనలు బాగానే జరుగుతున్నాయి. కానీ వాటి ఫలితం ఇంగ్లీషు జర్నల్‌లో అచ్చై అక్కడే ఆగిపోతోంది. ఆ ఖాళీని ప్రకటనలు నింపుతున్నాయి. అసలు సమస్య ఇదే.

నల్గొండ నేర్పిన పాఠం

ఇది మన దగ్గర పాత జబ్బే. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు పెరిగి, వెన్నుపామును నొక్కి, కాళ్లు పడిపోతాయి. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి శాస్త్రవేత్తలు రాశారు. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత నిమ్స్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుందో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు.

అంటే విషయం డాక్టర్లకు తెలుసు, సర్కారుకూ తెలుసు. అయినా మిషన్ భగీరథ మొదలైంది 2016లో. అంతకుముందు కొన్ని ఊళ్లకు కృష్ణా నీళ్లు చేరినా, కాగితం మీది మాట ఇంటి బిందెలోకి రావడానికి రెండు మూడు తరాలు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది నడుము వంగిపోయిన మనుషులు.

వీడియోలో ఉన్నదెంత, లేనిదెంత?

2024లో నేచర్ మెడిసిన్‌లో అప్-లిఫ్ట్ అనే పరిశోధన వచ్చింది. మెడ దగ్గర చర్మం మీద ఎలక్ట్రోడ్లు అతికించి, కరెంటు ఇస్తూ చేతులకు వ్యాయామం చేయించారు. పూర్తిగా పాల్గొన్న 60 మందిలో 72 శాతం మందికి చేతుల బలం, పనితనం మెరుగుపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆ పరికరానికి అనుమతి ఇచ్చింది.

ఇది నిజంగా మంచి వార్త. అయితే మెరుగైంది చేతులు, నడక కాదు. పరికరం ఒక్కటే కాదు, పక్కన కఠినమైన వ్యాయామం ఉంది. పోల్చి చూడటానికి కరెంటు ఇవ్వని మరో గుంపు కూడా లేదు. వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఈ మూడు మాటలూ ఎగిరిపోయి "పక్షవాతానికి మందు దొరికింది" అన్నదే మిగులుతుంది.

స్టెమ్ సెల్ సంగతి ఇంకా స్పష్టం. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప దీన్ని మామూలు చికిత్సగా ఇవ్వకూడదు. వెన్నుపాముకు ఇవ్వాలంటే అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి. అలాంటి ట్రయల్‌ను ముందుగానే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఆ రిజిస్టర్‌ను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లక్షలు కట్టమంటున్న చోట "మీ సీటీఆర్ఐ నంబర్ ఎంత?" అని అడిగితే చాలు, సగం సంగతి తేలిపోతుంది.

ప్రాణం కాపాడేది చిన్న విషయాలే

మంచం మీదున్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒళ్లు ఒరుసుకుపోయి పుండు పడకుండా రోజూ చూడాలి. శుభ్రమైన గొట్టంతో వేళకు మూత్రం తీయాలి. ఇవి దశాబ్దాల క్రితమే రుజువైన విషయాలు. పేద దేశాల్లో ఈ రోగుల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇలా ఆపగలిగిన ఇన్ఫెక్షన్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో ఈ పని చేసేది తల్లి, భార్య, చెల్లి. చాలాసార్లు వాళ్ల చేతికి అందేది ఇంగ్లీషు డిశ్చార్జ్ సమ్మరీ.

అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ కోర్సు కావాలన్నా గోడ గోడకూ పోస్టర్ ఉంటుంది, తెలుగులో అర్థమయ్యేలా చెప్పేవాళ్లూ ఉంటారు. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఆస్పత్రి రోగికి ఒక్క కాగితం తెలుగులో, ఉర్దూలో ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. ట్రయల్‌లో పాల్గొన్నవారికి చివర్లో ఫలితం ఏమొచ్చిందో చెప్పాలి. పని చేయని చికిత్సల గురించి కూడా దాచకుండా చెప్పాలి. అది తెలిస్తే ఇంకో కుటుంబం ప్లాటు మిగులుతుంది.

పరిశోధనకు తన శరీరాన్ని ఇచ్చేది రోగి, డబ్బిచ్చేది ఎక్కువగా ప్రజలు. ఫలితం తెలుసుకునే హక్కు కూడా వాళ్లదే.